సగటున బాగున్న మనిషి

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం క్లాసు మధ్యలో ఫోను మోగింది. నాకు తెలిసిన ఒక పెద్దాయన అక్కగారు, పంజాగుట్ట నుంచి.

"అమ్మాయ్, మా తమ్ముడు పోయాడు. నీకు చెప్పాలనిపించింది" అంది. ఆవిడే మళ్ళీ, "మొన్ననే చేద్దును. వాడి ఫోనులో నీ పేరు గురువుగారు అని ఉంది. ఎవరో స్వామీజీ కాబోలనుకుని ఊరుకున్నాను" అంది.

ఆయన నాకంటే ముప్ఫై ఏళ్ళు పెద్ద. అయినా ఆయనకి గురువుని నేనే. ఆ సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

నేను అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో, ఒక భవనం మూడో అంతస్తులో మాట్లాడటం నేర్పుతాను. బోర్డు మీద కమ్యూనికేషన్ స్కిల్స్ అని ఉంటుంది కానీ పని అదే. మా కింద సాఫ్ట్‌వేర్ కోర్సులవాళ్ళు, మా పైన హాస్టలు వంటిల్లు. పన్నెండయ్యేసరికి సాంబారు వాసనతో పాఠం ఆగిపోతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళంతా ఇరవైల్లో ఉన్నవాళ్ళు. చదువులో లోటుండదు, ఇంటర్వ్యూలో మీ గురించి చెప్పండి అనగానే మాత్రం గొంతు ఎండిపోతుంది.

అలాంటి చోటుకి ఒక మే నెల పొద్దున ఆయన వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో గొడుగు. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. మనవణ్ణి చేర్పించడానికి వచ్చారనుకున్నాను.

"ఎవరి కోసమండీ?" అన్నాను.

"నాకే" అన్నారు.

సముద్రాల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో పెద్ద హోదాలో పనిచేసి రిటైరయ్యారట. పెళ్ళి చేసుకోలేదు. అమీర్‌పేటలోనే ఒంటరిగా ఒక చిన్న ఫ్లాటులో ఉంటున్నారు. ఇవన్నీ ఫారం నింపుతూ చెప్పారు.

"మీకు మళ్ళీ ఎక్కడైనా ఇంటర్వ్యూ ఉందా?" అని అడిగాను.

ఆయన ఫారం మీద పెన్ను ఆపారు. "ఉంది. తేదీ ఇంకా ఖరారు కాలేదు" అన్నారు.

మొదటి రోజు అందరితో పాటు ఆయన్నీ లేపి, రెండు నిమిషాల్లో తన గురించి చెప్పమన్నాను. బోర్డు దగ్గరికి వెళ్ళి చాక్‌పీసు అందుకున్నారు. "నా గురించి చెప్పాలంటే ముందు హిందూ మహాసముద్రం గురించి కొంత చెప్పుకోవాలి" అంటూ మొదలుపెట్టారు. ఖండాలు విడిపోవడం చెప్పారు. ఒక పెద్ద బొమ్మ గీశారు. అది కొందరికి ఏనుగులా, కొందరికి చింతపిక్కలా కనిపించింది. నేను గంట కొట్టేసరికి బంగాళాఖాతం అప్పుడప్పుడే ఏర్పడుతోంది.

"సార్, మీరింకా రాలేదు" అన్నాను.

"అవునండీ. నేను పుట్టడానికి ఇంకా చాలా టైముంది" అని చాక్‌పీసు కింద పెట్టి, చేతులు దులుపుకుని, దిగులుగా వెళ్ళి కూర్చున్నారు.

ఆ రోజు నుంచి పిల్లలందరికీ ఆయన సముద్రం అంకుల్.

ఆయన ఇబ్బంది ఏమిటో నాకు వారంలో తెలిసిపోయింది. ఏ మాటనీ ఊరికే ఒప్పుకోలేరు. ప్రతి వాక్యానికీ ఒక షరతు తగిలించాలి. ఎలా ఉన్నారని అడిగితే "సగటున బాగున్నాను" అనేవారు. అంటే ఏంటని అడిగితే, "పొద్దున మోకాలు నొప్పి. ఇప్పుడు లేదు. రెండూ కలిపి చూస్తే బాగున్నట్టే" అనేవారు. భోంచేశారా అంటే "చాలా వరకు". రోజూ గొడుగు పట్టుకుని వచ్చే మనిషి కదా, వాన పడుతుందా అంకుల్ అని ఎవరైనా అడిగితే, ఆ గొడుగు నేలకి ఆనించి నిలబడి, "చెప్పలేం" అనేవారు.

క్లాసులో సరిత అనే అమ్మాయి ఉండేది. జనగామ నుంచి వచ్చి, పంజాగుట్టలో ఒక చీరల షాపు కౌంటర్లో పనిచేస్తూ, ఫ్లోర్ సూపర్‌వైజర్ ఇంటర్వ్యూ కోసం మా దగ్గర చేరింది. పుట్టినరోజుకి కొత్త చీర కట్టుకొచ్చి ఆయన ముందు నిలబడింది.

"అంకుల్, చీర ఎట్లుంది?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. "దేంతో పోల్చి చెప్పమంటావమ్మా?" అన్నారు.

ఆ వారమంతా సరిత ఆయనకి దూరంగా వెనక బెంచీలో కూర్చుంది. ఆయన మాత్రం నా దగ్గరికి వచ్చి, "ప్రశ్నలో తప్పేముంది మేడమ్, వేరే చీర చూపించి ఉంటే చెప్పేవాణ్ణి కదా" అని నిజంగానే బాధపడ్డారు. నన్ను మేడమ్ అని పిలవొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. క్లాసులో గురువు గురువేనట. రోడ్డు మీద కూడా అదే పిలుపు. సాయంత్రాలు ఆయన భోజనానికి పంజాగుట్టలో వాళ్ళ అక్కగారింటికి నడిచి వెళ్ళేవారు. నా బస్సూ అటే కాబట్టి చాలాసార్లు కలిసి నడిచేవాళ్ళం.

నడక అనడం ఆయన పట్ల పక్షపాతమే. ప్రతి నాలుగడుగులకీ ఫుట్‌పాత్ మధ్యలో ఆగిపోయేవారు. వెనక వచ్చేవాళ్ళు ఆయన్ని గుద్దుకుని తిట్టుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయేవారు. ఆయన గొడుగు ఎత్తి మెట్రో స్తంభాన్ని చూపించేవారు. "సముద్రంలో మీరు ఆ స్తంభం అడుగున ఉన్నారనుకోండి. ఎండ వేడి ముందు తగిలేది పైన రైలు పట్టాల దగ్గర. అక్కణ్ణించి మెల్లగా కిందికి దిగుతుంది. మీ దాకా రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. కానీ వస్తుంది." సిగ్నలు దగ్గర ఆగిన బళ్ళని చూపించి సముద్ర ప్రవాహాల గురించి చెప్పేవారు. ఏది ఎటు పోతుందో దానికి తెలుసు, ఎప్పుడు చేరుతుందో మాత్రం ఎవరికీ తెలియదు అనేవారు. ఈలోపు నా బస్సు వెళ్ళిపోయేది.

ఒకసారి, మీరు సముద్రం మీద చాలా తిరిగి ఉంటారు కదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఓడ ఎక్కగానే వాంతులట. అందరూ పైన పరికరాలు నీళ్ళలోకి దింపుతుంటే ఈయన కింద గదిలో నిమ్మకాయ వాసన చూస్తూ పడుకునేవారట. "నిజం చెప్పాలంటే మేడమ్, నేను సముద్రాన్ని ఎక్కువగా బకెట్‌లోనే చూశాను" అన్నారు. నీళ్ళ నమూనాలు తెచ్చే బకెట్ అనుకున్నాను. కాసేపటికి గానీ ఇంకో బకెట్ కూడా ఉంటుందని నాకు తట్టలేదు.

వానాకాలం మొదట్లో ఒక రోజు, క్లాసు ఇంకా మొదలుకాకముందే, ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చింది. పొట్టిగా, చురుగ్గా ఉంది. లిఫ్టులో జనం ఎక్కువై ఎక్కలేదట. ఆయాసం తీర్చుకోకుండానే అడిగింది.

"ఏమ్మా, మా తమ్ముడు ఇక్కడ పాఠాలు చెప్తున్నాడంట, నిజమేనా?"

గొడుగు ఆనవాలు చెప్పగానే ఎవరో అర్థమైంది. "చెప్పడం కాదండీ, నేర్చుకుంటున్నారు" అన్నాను.

"ఏం నేర్చుకుంటున్నాడు?"

"మాట్లాడటం."

ఆవిడ కుర్చీలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. "ఇన్నాళ్ళకా" అంది. మళ్ళీ నవ్వింది. నవ్వు ఆగాక అసలు సంగతి బయటపడింది.

"మాది కాకినాడ అవతల సముద్రం ఒడ్డున ఊరమ్మా. మా ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారు. చివరి రోజుల్లో అక్కడ చిన్న ఇల్లు కట్టుకుందామని స్థలం చూశాం. గుమ్మంలో కూచుంటే ఎదురుగా సముద్రమే, మధ్యలో ఇంకేం లేదు. వీడొచ్చి వద్దంటాడు. ఎందుకొద్దురా అంటే ఇంత లావు కాగితాల కట్ట తెచ్చి గీతలు చూపిస్తాడు. ఓ గీత పైకి పోతోంది, ఓ గీత కిందకి పోతోంది. మా ఆయన చూసి, ఇప్పుడు కొనమంటావా అమ్మమంటావా అన్నాడు. షేర్ల వ్యవహారం అనుకున్నాడు పాపం."

"మరి ఆ కాగితాలు?"

"మంచి మందంగా ఉన్నాయి. ఆవకాయ జాడీల కింద వేశాను."

అప్పుడే ఆయన లోపలికి వచ్చారు. అక్కని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఏరా, మాటలొచ్చాయా?" అంది ఆవిడ.

"కొంత వరకు" అన్నారు ఆయన.

ఆ సాయంత్రం పంజాగుట్ట వైపు నడుస్తూ ఆయన చాలాసేపు ఎక్కడా ఆగలేదు. అదే నాకు ఆశ్చర్యంగా అనిపించింది. చివరికి ఆయనే మొదలుపెట్టారు.

"ఇంటర్వ్యూ అన్నాను కదా మేడమ్. అది మా అక్కతోనే. నేను చాలా సభల్లో మాట్లాడాను. పెద్ద పెద్దవాళ్ళు తలలూపారు. లేచి వెళ్ళి ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు. మా అక్క అలా ఊరికే తలూపదు. అర్థమైతేనే ఊపుతుంది. ఊపిందంటే ఆ పని చేసేస్తుంది. నా ఉద్యోగమంతటిలో అలాంటి శ్రోత ఒక్కరూ దొరకలేదు. దొరికిన ఈ ఒక్కరికీ నా మాట అర్థం కావడం లేదు."

"ఆవిడకి అక్కడే ఇల్లు ఎందుకు కావాలట?" అన్నాను.

"ఆ సమాచారం నా దగ్గర లేదండీ."

"అడగలేదా?"

ఆయన ఫుట్‌పాత్ మధ్యలో ఆగిపోయారు. వెనక నుంచి ఒకతను గుద్దుకుని, "జర పక్కకి నిలబడు పెద్దాయనా" అని విసుక్కుని వెళ్ళాడు. ఆయన పట్టించుకోలేదు. "అడగాలని తట్టలేదు" అన్నారు.

నేను ఆయనకి కొన్ని మాటలు నిషేధించాను. సగటున, సాధారణంగా, తులనాత్మకంగా, కొన్ని పరిమితులకు లోబడి. ఇవి వాడితే క్లాసందరికీ సమోసాలు తెప్పించాలని పెట్టాను. పిల్లలు చాలా రోజులు టిఫిను ఖర్చు లేకుండా గడిపారు. మాట మాత్రం బాగుపడలేదు. షరతులు తీసేస్తే ఆయన దగ్గర మిగిలేది మౌనమే. నోరు తెరిచేవారు, లోపల ఏదో లెక్క సరిచూసుకునేవారు, మూసేసేవారు. ఇక నా వల్ల కాదేమో అనుకున్నాను.

సెప్టెంబరులో ఒక సాయంత్రం క్లాసు అయిపోయే వేళకి కుండపోత మొదలైంది. అమీర్‌పేటలో అలాంటి వాన పడితే ఇక ఎవరూ ఎక్కడికీ కదలలేరు. కరెంటు పోయింది. కింద సెల్లారులోకి నీళ్ళు ఉరుకుతున్న చప్పుడు మాకు పైకి వినిపిస్తోంది. అందరం మెట్ల మీద కూర్చున్నాం. సరిత కొత్తగా కొనుక్కున్న స్కూటీ సెల్లారులోనే ఉంది. దిగి చూసి వచ్చి, తడిసిన చున్నీ పిండుకుంటూ మెట్టు మీద కూలబడింది.

"సీటు దాంక వచ్చినయి నీళ్ళు. ఇంకేడికెల్లి వస్తున్నయో ఇన్ని నీళ్ళు" అంది. ఎవరినీ అడగలేదు, తనలో తను అనుకున్నట్టుగా అంది.

ఆమెకి రెండు మెట్ల పైన ఆయన కూర్చుని ఉన్నారు. చీకటిలోంచి ఆయన గొంతు వినిపించింది.

"నీ బండి మీద ఉన్న నీళ్ళు కొద్ది రోజుల కిందట సముద్రంలో ఉన్నాయమ్మా."

అందరూ తలలు తిప్పారు.

"సముద్రాన్ని ఒక పెద్ద గిన్నె అనుకో. మంట పెంచితే ఆవిరి ఎక్కువ లేస్తుంది కదా. మంట మనమే పెంచాం. బొగ్గు కాల్చి, పెట్రోలు కాల్చి. సముద్రం వేడెక్కింది, దాని మీద గాలీ వేడెక్కింది. వేడి గాలి ఎక్కువ తేమ మోస్తుంది. పెద్ద సంచీ పట్టుకుని బజారుకెళ్ళినట్టు. అంత బరువు మోసుకొచ్చి ఎక్కడో ఒకచోట దించాలి. ఇవాళ మన సందులో దించింది."

"అంటే సముద్రమే వచ్చి నా బండిని మింగిందా అంకుల్?"

"సాంకేతికంగా చూస్తే..." అన్నారు. నేను ఫోను లైటు ఆయన ముఖం మీద వేశాను. మాట మింగారు. "ఊఁ. అలాగే అనుకో. అయితే ఇలాంటి వానలు ఇదివరకూ పడేవి. ఇప్పుడు పడే వీలు పెరిగింది, అంతే. ఇంకోటి, నీళ్ళు పోయే దారిలో మనం బిల్డింగులు కట్టుకున్నాం. సెల్లారు తవ్వినవాడి తప్పు సముద్రం మీద వెయ్యకూడదు."

"గిట్లనే చెప్పుండ్రి అంకుల్. మస్తు సమజైంది" అంది సరిత. చీర సంగతి ఆ పూటకి మరిచిపోయింది.

వాన తగ్గాక ఆయన నా దగ్గరికి వచ్చి, ఏదో తప్పు చేసినవాడిలా, "చాక్‌పీసు లేక అలా మాట్లాడేశాను మేడమ్" అన్నారు.

కోర్సు చివర ప్రతి ఒక్కరూ అందరి ముందూ నిలబడి పది నిమిషాలు మాట్లాడాలి. ఇంట్లోవాళ్ళని పిలుచుకోవచ్చు. ఆ శనివారం మధ్యాహ్నం అక్కగారు, బావగారు ముందు వరసలో కూర్చున్నారు. బావగారు ఎక్కడ కుర్చీ దొరికినా నిద్రపోగల మనిషి. రైల్వే డ్యూటీల్లో వచ్చిన అలవాటట. సరిత తన మాట పూర్తి చేసేసరికే ఆయన గడ్డం ఛాతీకి ఆనింది.

సముద్రం అంకుల్ వంతు వచ్చింది. చేతిలో చిన్న చిన్న అట్టముక్కల మీద రాసుకున్న ప్రసంగం ఉంది. బోర్డు వైపు వెళ్ళకుండా బల్ల ముందుకి వచ్చి నిలబడ్డారు.

"అందరికీ నమస్కారం. ఇవాళ నేను ఒక్కరి కోసం మాట్లాడుతున్నాను. మిగతావాళ్ళు వింటే సంతోషం" అన్నారు. తర్వాత ముందు వరస వైపు తిరిగారు. "అక్కా, నీకు ఆ ఇల్లు ఎందుకు కావాలి?"

ఉపన్యాసం ప్రశ్నతో మొదలుపెట్టమని నేర్పింది నేనే. ఇలా నిజంగా జవాబు కోసం అడుగుతారని అనుకోలేదు.

ఆవిడ బడిలో పిల్లలా లేచి నిలబడింది. "ఇదేంట్రా, మీటింగు పెట్టి నన్నడుగుతావు?"

"ఇంట్లో అడగాలని తట్టలేదు."

ఆవిడ ఒకసారి చుట్టూ చూసింది. కొంగు సర్దుకుంది. "ఎందుకేంట్రా. నువ్వు నడక రాని పిల్లాడివప్పుడు రోజూ నిన్ను చంకనేసుకుని ఒడ్డుకి వెళ్ళేదాన్ని. నువ్వు ఇసక తింటుంటే నోట్లోంచి తీస్తూ కూచునేదాన్ని. పెళ్ళయ్యాక ఖాజీపేట, సికింద్రాబాదు, మళ్ళీ ఖాజీపేట. క్వార్టర్లలో కుళాయి కింద బిందె పెట్టుకుని కూచోవడమే. నీకు సముద్రం ఉద్యోగమైంది. రోజూ దాని గురించే మాట్లాడేవాడివి. నాకు మాత్రం పండక్కో పబ్బానికో వెళ్తే ఓ గంట. ఇప్పుడు అన్నీ అయిపోయాయి కదా, కొన్నాళ్ళు దానికెదురుగా కూచుందామనుకున్నాను. తప్పా?"

ఆయన అట్టముక్కల వైపు చూసుకున్నారు. వాటిని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఎంతసేపు నిలబడిపోయారంటే గంట కొడదామా అని నేను చెయ్యి కూడా చాపాను.

"తప్పు కాదు" అన్నారు.

ఒకరి మాటని ఏ షరతూ లేకుండా ఆయన ఒప్పుకోవడం నేను వినడం అదే మొదటిసారి.

"నన్ను కూచోబెట్టిన ఇసక దిబ్బ ఎక్కడుందక్కా ఇప్పుడు?"

"సరుగుడు చెట్ల పక్కదా? ఎప్పుడో పోయింది."

"దాని వెనక రోడ్డు?"

"అదీ కోసుకుపోయింది. ఇవతలగా కొత్త రోడ్డేశారు కదా."

"నువ్వు చూసిన స్థలం కొత్త రోడ్డుకి ఇటా, అటా?"

ఆవిడ జవాబు చెప్పబోయి ఆగింది. "సముద్రం వైపు" అంది కాస్త నెమ్మదిగా.

అప్పుడు చెప్పారు ఆయన. గోదావరి కొండల నుంచి ఇసక మోసుకొచ్చి ఒడ్డుకి పోసేదని, ఆ ఇసకలో చాలా భాగం ఇప్పుడు ఆనకట్టల వెనకే ఆగిపోతోందని చెప్పారు. అల కోసుకుపోయేది కోసుకుపోతూనే ఉంది, మళ్ళీ వచ్చి పడేది తగ్గింది అన్నారు. పైగా నీళ్ళు వేడెక్కితే ఉబ్బుతాయి, చెంబెడు నీళ్ళలో అది మన కంటికి ఆనదు, సముద్రమంత నీళ్ళలో ఆనుతుంది అన్నారు. చేతులు కట్టుకుని, మామూలుగా, భోజనాల దగ్గర మాట్లాడుతున్నట్టు మాట్లాడారు.

"అదంతా సరే. ఎప్పుడు మునుగుతుందో చెప్పు" అంది అక్కగారు.

"సగ..." అన్నారు.

"అంకుల్" అంది వెనక నుంచి సరిత.

ఆయన ఆగి, గొంతు సవరించుకున్నారు. "తెలీదక్కా. ఎవరూ చెప్పలేరు. నువ్వుండగా పోవచ్చు, నీ తర్వాత పోవచ్చు. ఒక్కటి మాత్రం తెలుసు. తుఫాను అన్నప్పుడల్లా నువ్వు ఆ ఇంట్లో ఉంటే నాకు ఇక్కడ నిద్ర పట్టదు. ఇది సైన్సు కాదు. దీనికి నా దగ్గర గ్రాఫు లేదు."

అక్కగారు మెల్లగా కూర్చుంది. ఆ కుదుపుకి బావగారికి మెలకువ వచ్చింది. అయిపోయిందనుకుని గట్టిగా చప్పట్లు కొట్టారు. దాంతో అందరూ కొట్టారు.

వెళ్ళేటప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "బానే నేర్పావమ్మాయ్. ఆలోచిస్తాను. వాడు చెప్పాడని కాదు" అంది. ఆయన సర్టిఫికెట్టు అందుకుని మొదటి నుంచి చివరిదాకా చదివి, అత్యుత్తమం అన్న మాట దగ్గర వేలు పెట్టి, "ఇది ఎవరితో పోల్చి మేడమ్?" అన్నారు. సమోసాలు తెప్పించక తప్పలేదు.

ఆ స్థలం వాళ్ళు వదిలేశారని తర్వాత తెలిసింది. కొత్త రోడ్డుకి ఇవతల, బాగా లోపలగా, పాత పెంకుటిల్లు ఒకటి తీసుకున్నారట. గుమ్మంలో కూచుంటే సముద్రం కనపడదు కానీ వినపడుతుందట. ఏటా చలికాలంలో ముగ్గురూ వెళ్ళి ఉండి వచ్చేవారు. ఆ తర్వాత ఆయన క్లాసుకి రాలేదు. సంక్రాంతికో, ఉగాదికో ఒక మెసేజి పెట్టేవారు. శుభాకాంక్షల కింద, వాతావరణం అనుకూలిస్తే అని ఉండేది.

ఫోను వచ్చిన వారానికి, కర్మలన్నీ అయ్యాక, పంజాగుట్ట వెళ్ళాను. హాల్లో ఆయన ఫొటో పెట్టి దండ వేశారు. పక్క ఫ్లాటు ఆడవాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు. బావగారు సోఫాలో, ఆశ్చర్యంగా, మెలకువగానే ఉన్నారు. అక్కగారు నన్ను దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంది. ఏడవలేదు. ఎవరి మీదో ఒక ఫిర్యాదు ఉన్న మనిషిలా ఉంది.

"నీతో ఒకటి మాట్లాడాలమ్మాయ్. నీకైతే తెలుస్తుందని. మేం వదిలేసిన స్థలానికి ఎవరో ఒకరు బేరానికొస్తూనే ఉంటారు. నేను ఊరుకోలేను కదా. రోడ్డు మీద నిలబెట్టి చెప్పేదాన్ని. బాబూ, సముద్రంలో తేలే మంచు కొండలు కరిగిపోతున్నాయి, ఆ నీళ్ళన్నీ కలిసి సముద్రం పొంగుతోంది, ఇక్కడ కట్టొద్దు అని. ఒకరిద్దరు వెనక్కి తగ్గారు కూడా. నేను ఆ మాట చెప్పినప్పుడల్లా వీడు పక్కనే ఉండేవాడు. మొహం అదోలా పెట్టేవాడు, పన్ను నొప్పి వచ్చినవాడిలాగ. ఏంట్రా, తప్పు చెప్పానా అంటే, లేదక్కా, బాగా చెప్పావు అనేవాడు. ప్రతిసారీ అదే. బాగా చెప్పావు. అందులో ఏదో తప్పుంది, నాకు తెలుసు. వాడికి బాగుంది అనడం రాదు. నా వంటని కూడా ఎప్పుడూ అనలేదు. ఏంటమ్మా ఆ తప్పు?"

నాకు తెలుసు. మా క్లాసులో ఎవరు ఆ మాట అన్నా ఆయన ఒప్పుకునేవారు కాదు. పాఠం ఆపించి మరీ సరిదిద్దేవారు.

"ఫ్రిజ్‌లో ఐసు ఉందా అండీ?" అన్నాను.

బావగారు లేచి తెచ్చారు. టీపాయ్ మీద గాజు గ్లాసు పెట్టి, రెండు ఐసు ముక్కలు వేసి, అంచు దాకా నీళ్ళు పోశాను. ఇంకో చుక్క వేస్తే పొర్లిపోయేలా ఉంది. ముక్కలు పైకి తేలి నిలబడ్డాయి.

"ఇది కరిగితే పొర్లుతుందా?" అని అడిగాను.

"పొర్లదా మరి" అంది అక్కగారు. పక్క ఫ్లాటు వాళ్ళూ పొర్లుతుందనే అన్నారు.

అందరం వంగి చూస్తూ కూర్చున్నాం. పరామర్శకి ఇంకెవరో వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పి, లోపల ఇంతమంది ఒక గ్లాసు మీదకి వంగి ఉండటం చూసి, ఏం జరుగుతోందో అడగడానికి మొహమాటపడి, వాళ్ళూ వచ్చి వంగారు. కాసేపటికి బావగారు గ్లాసు బయట తడి చూపించి, "అదిగో కారింది" అన్నారు. అది పైనుంచి కారింది కాదు, చల్లటి గ్లాసుకి పట్టిన చెమట అని తుడిచి చూపించాను. ముక్కలు చిన్నవై, పలకలై, మాయమయ్యాయి. నీళ్ళు అంచు దగ్గర ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.

"పొర్లలేదే" అంది అక్కగారు.

"తేలుతున్న ఐసు ముందే తన చోటు తీసుకుని ఉంటుందండీ. కరిగినా పెద్ద తేడా రాదు. నేల మీద, కొండల మీద పేరుకున్న ఐసు ఉంటుందే, అది కరిగి సముద్రంలోకి వస్తే మట్టం పెరుగుతుంది." ట్రేలోంచి ఇంకో ముక్క తీసి పైనుంచి గ్లాసులో వేశాను. నీళ్ళు పొర్లి టీపాయ్ మీద గుడ్డంతా తడిసింది.

ఆవిడ ఆ తడి వైపు చాలాసేపు చూసింది. "ఇదా" అంది. "ఎంతమందికి చెప్పానమ్మా ఆ తప్పు. పాలవాడికి చెప్పాను. పంచాయతీ వాళ్ళని కూచోబెట్టి చెప్పాను. వాడు పక్కనే నిలబడి విన్నాడు."

"మీరు చెప్తుంటే వినడం ఆయనకి ఇష్టమేమోనండీ" అన్నాను.

ఆవిడ కొంగుతో కళ్ళు, తర్వాత అదే కొంగుతో టీపాయ్ తుడిచింది. గ్లాసు ఖాళీ చేసి నా ముందు పెట్టింది.

"ఏవండీ, ఇంకో ట్రే ఐసు పట్రండి" అంది బావగారితో. తర్వాత నా వైపు తిరిగింది. "ఈసారి నేను చేసి చెప్తాను. వచ్చే నెల ఊరెళ్తున్నాం, మళ్ళీ ఎవరో ఒకరు రాకుండా ఉండరు. తప్పుంటే అక్కడే ఆపి చెప్పు. వాడిలా అబద్ధాలాడకు."